అప్‌డేట్: పెళ్లికి ముందే అప్పుల సంగతి చెప్పాలా?

గుంటూరు సంబంధం, ప్రధానం అయిపోయింది, అప్పుల సంగతి పెళ్లయ్యాక చెప్పొచ్చా అని అడిగాను కదా. ముందే చెప్పాను. చర్చిలో మూడు ఆదివారాలు చదివే పెళ్లి ప్రకటన మొదలవకముందే, ముందు అమ్మాయికి, ఆ తర్వాత ఇద్దరం కలిసి వాళ్ల నాన్నగారికి.

నోటి మాట చాలదు, కాగితాలు పెట్టాలి. మన అప్పుల రికార్డు ఉంచే క్రెడిట్ బ్యూరోలు (సిబిల్ లాంటివి) ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. బ్యాంకు లోన్లు, కార్డు బాకీలు, హామీ సంతకం పెట్టిన లోన్లు అందులో కనిపిస్తాయి. చేబదుళ్లు, ప్రామిసరీ నోట్లు మాత్రం కనిపించవు. పాడేసుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలూ అప్పే, చాలామంది దాన్ని లెక్కలో వేయరు. ఇవన్నీ చేత్తో రాసి, ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఏ తేదీకి అని జతచేయాలి.

సగం చెప్పడమే అసలు ప్రమాదం. బైబిల్లో అపొస్తలుల కార్యములు 5లో అననీయ, సప్పీరా అనే దంపతులు పొలం అమ్మిన డబ్బులో కొంత ఉంచుకోవడాన్ని అపొస్తలుడైన పేతురు తప్పుపట్టలేదు, అది నీదే కదా అన్నాడు. కొంత తెచ్చి అదే మొత్తం అన్నట్టు చూపించడాన్నే పట్టుకున్నాడు.

అంతా విని అమ్మాయి రెండే అడిగింది: ఈఎంఐ ఎప్పటికి తీరుతుంది, పెళ్లి ఖర్చుకి కొత్త అప్పు చేస్తున్నావా? చేయట్లేదు. విందు తగ్గించుకున్నాం, తేదీ మారలేదు.