మడిచినట్టా, మడిజేసినట్టా? వేమన పద్యం రెండో పాదం

పటమట అక్క:
అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక వాషింగ్ మెషీన్ పెట్టిన గది ఉంది, ఇన్నాళ్లూ పాత బకెట్లూ చీపుళ్లే దాని నిండా. దాన్ని ఇప్పుడు ఫ్రెంచి పల్లెటూరి ఇళ్ల తీరులో మారుస్తున్నాను. గోడలకి తెల్లసున్నం, చెక్క అరలకి వెలిసిపోయినట్టుండే నీలం, ప్లాస్టిక్ టబ్బుల బదులు వెదురు బుట్టలు, సింకు కింద తలుపులు పెట్టించకుండా పెడన కలంకారీ గుడ్డతో కుచ్చుల తెర. మొత్తం 15 వేలలో తేలాలి. ఆ దేశంలో ఇలాంటి గదిని 'బువాందరీ' అంటారు, గోడ మీద పలక కూడా పెట్టుకుంటారు. నేను అక్కడ వేమన పద్యం రాయిద్దామనుకున్నాను, 'చాకివాడు కోక చీకాకు పడజేసి' అన్నది. చిక్కంతా రెండో పాదంలో. మా అమ్మమ్మ 'మైలదీసి లెస్స మడిజేసినట్లు' అని చదివేది, నా చెవిలో అదే ఉంది. లెనిన్ సెంటర్‌లో కొన్న పాత పుస్తకంలో 'మడిచినట్టు' అని ఉంది. ఏది రాయించను? పెయింటరు ఆదివారం వస్తాడు.

బ్రాడీపేట మాస్టారు:
మడిచినట్టు. ఆటవెలది సరిపాదం కదా, ఐదూ సూర్యగణాలే, అంటే ఒక్కోటీ గురువు–లఘువు గానీ మూడు లఘువులు గానీ. మైల, దీసి, లెస్స, మడిచి, నట్టు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవడం, అది కూడా మై–మ చక్కగా కుదిరింది. 'మడిజే' అంటే చివర గురువు, దీర్ఘాక్షరం, వచ్చి గణం చెడిపోతుంది.

సత్యనారాయణపురం సీతమ్మగారి మనవడు:
గణం మాట ఒప్పుకుంటాను మాస్టారూ, కానీ 'మైల' అని చెవిన పడ్డాక తెలుగువాడు ఎదురుచూసేది 'మడి' కోసమే. బసవపురాణంలో మడివాలు మాచయ్య చేసే పని ఏమిటి? శివభక్తుల బట్టలుతకడం. కన్నడంలో మడివాళ అంటే బట్టలుతికేవాడే. కాబట్టి 'మడిచి' అనడంలో మడత పెట్టడంతో పాటు మడి చేయడం కూడా వినిపించాలనే వేమన ఆ మాట వేశాడని నా నమ్మకం. అమ్మమ్మగారు లోపల ఉన్న అర్థాన్ని పైకి చదివారు, అంతే.

బ్రాడీపేట మాస్టారు:
వినిపించడం వేరు, పాఠం, అంటే పద్యంలో ఉన్న అసలు మాట, వేరు నాయనా. పద్యంలో పని వరస చూడు. బండకేసి బాదడం, మురికి వదిలించడం, చివరికి మడత పెట్టడం. బుద్ధి చెప్పేవాడు గుద్ది వదిలేయడు, మనిషిని తీర్చి మరీ పంపుతాడు. మడత తీసేస్తే పోలిక సగంలో ఆగిపోతుంది. వేమన గొప్పతనం అక్కడే ఉంది, నాలుగు పనిమాటలతో గురువు ఓపికంతా చెప్పేశాడు. ఇంత పొదుపు ఇంకెవరికి చేతనైంది?

బందరువాణ్ణి:
అసలు మొదటి పాదం తేలిందా? మా ఇంట్లో 'చాకి కోకలుతికి చీకాకు పడజేసి' అని వచ్చింది. ఇదీ గణాలకి నిలుస్తుంది: చాకి, కోక, లుతికి, ఆపైన రెండు ఇంద్రగణాలు. 'చా'కీ 'చీ'కీ యతి చెల్లదని ఎవరైనా అంటారేమో, అది ప్రాసయతి, మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం, చాకి–చీకా. ఉతకడం అనే మాటే లేకుండా మీ పాఠంలో కోక ఎలా తెల్లబడిందో చెప్పండి.

పటమట అక్క:
ఆ మొదటి మాట గురించే ఇంకో ఆలోచన. మా బట్టలు ఇస్త్రీకి తీసుకెళ్లే ఆయన ఆ గదిలోకి వస్తుంటారు. గోడ మీద కులం పేరులా కనబడితే ఆయన మనసు నొచ్చుకుంటుంది, అది నాకు ఇష్టం లేదు. చాకి అంటే మనిషా, పనా?

తెనాలి తమ్ముడు:
పనే అక్కా. చాకిరేవు, చాకిరి, అన్నీ అందులోంచి వచ్చినవే.

బ్రాడీపేట మాస్టారు:
చాకిరి దీనికి చుట్టం కాదు తమ్ముడూ. అది ఫారసీ చాకర్, అంటే సేవకుడు, ఆ మాట నుంచి వచ్చింది. నౌకరీ చాకరీ అంటారే, అదే. ఇక్కడ 'వాడు' చేరాక మనిషే. అమ్మాయి అడిగింది న్యాయమైన సంగతి. అమ్మా, రెండో పాదం ఒక్కటే రాయించు: మైలదీసి లెస్స మడిచినట్టు. ఆ గదిలో జరిగే పని మొత్తం అందులో ఉంది, ఎవరి పేరూ లేదు.

సత్యనారాయణపురం సీతమ్మగారి మనవడు:
ఒక్క పాదమే రాస్తే మడిజేసినట్లు అని రాసినా గణం ఎవరు లెక్కపెడతారు మాస్టారూ? 1829లో బ్రౌన్ వేమన పద్యాలు అచ్చు వేయించేనాటికే ఒక్కో పద్యం ఊరికో తీరుగా ఉంది. ఈ పద్యంలోనే మూడో పాదం చూడండి, 'బుద్ధిజెప్పువాడు గ్రుద్దిన నేమయా' అనేవారూ ఉన్నారు, 'గుద్దితే నేమయా' అనేవారూ ఉన్నారు, రెండూ నిలుస్తాయి. పైగా బుద్ధికీ గుద్దికీ ప్రాసయతి అంటే ద్ధకి ద్ద ఒప్పుకోవాలి. అక్కడ చెవి మాట విన్న కవి ఇక్కడ మాత్రం లక్షణగ్రంథం పట్టుకుంటాడా?

బ్రాడీపేట మాస్టారు:
ద్ధ–ద్ద వేరే చర్చ. వత్తు పలకడంలో తేలిపోతుంది. లఘువు చోట గురువు వస్తే నడకే కుంటుతుంది, అది పాడేవాడికి వెంటనే తెలుస్తుంది.

బందరువాణ్ణి:
అక్క పెడన గుడ్డ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఫ్రెంచి పల్లెటూరి అలంకరణలో కనబడే పూల అచ్చు గుడ్డలకి మూలం మన తీరమే. ఫ్రెంచి కంపెనీ 1669లోనే బందరులో కోఠీ పెట్టింది, ఇప్పటికీ ఊళ్లో పరాసుపేట ఉంది, పరాసులంటే ఫ్రెంచివారే. మన అద్దకం గుడ్డలకి అక్కడ ఎంత గిరాకీ అంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో వాళ్ల రాజు వాటిని నిషేధించాడు, 1759 దాకా ఎత్తలేదు. ఆ మరుసటి ఏడే జూయీ అనే ఊళ్లో ఒబెర్‌కాంఫ్ అద్దకం కార్ఖానా పెట్టాడు. కాబట్టి ఆ తెరతో మీ గది అరువు తెచ్చుకున్నట్టు ఉండదు.

మాచర్ల మేనల్లుడు:
నేల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ దేశపు పాత ఇళ్లలో సున్నపురాయి పలకలు కూడా పరిచేవారు, మన పల్నాటి నాపరాయీ అదే జాతి, టైల్స్ కంటే చవక. శ్రీనాథుడు ఊరికే అన్నాడా, 'చిన్ని చిన్ని రాళ్లు చిల్లర దేవుళ్లు, నాగులేటి నీళ్లు నాపరాళ్లు' అని. ఒక జాగ్రత్త, నాపరాయి మీద యాసిడ్ పోయకూడదు, రాయి తినేస్తుంది. గోడకి సున్నమే మంచిది, తడి గదిలో ప్లాస్టిక్ పెయింట్ పొక్కులొస్తుంది. అందులో కాస్త నీలిమందు కలిపితే తెలుపు నిగ్గు తేలుతుంది.

తెనాలి తమ్ముడు:
'చిన్న చిన్న రాళ్లు' కదా అన్నా?

మాచర్ల మేనల్లుడు:
మా ఊళ్లో చిన్ని అనే అంటారు. చిన్న అన్నా గణం చెడదు, యతి కూడా చి–చి అలాగే నిలుస్తుంది. కానీ పల్నాటి సీమను చూసి విసుగుతో అన్న పద్యంలో 'చిన్ని' అనే ముద్దు ఎందుకొచ్చింది అన్నది నన్ను ఎప్పటినుంచో పట్టుకుంది. మాస్టారూ, మీరు ఏ పాఠం చదువుకున్నారు?