జూలై 4 పరేడ్: జుట్టు పని ఎవరెవరు, ఎలా

జుట్టు టీమ్ (నేను): అందరికీ నమస్కారం. ఈసారి అమెరికా స్వాతంత్ర్య దినం పరేడ్‌కి ఊరివాళ్ళు 1940ల థీమ్ పెట్టారు కదా, మన బండెక్కే ఆడవాళ్ళు 14 మంది. దువ్వేవాళ్ళం ముగ్గురం. పొద్దున ఏడింటికి పార్కింగ్ లాట్‌లో మొదలుపెడితే ఎలాగూ తెమలదు. పోయిన దీపావళికి జుట్టు ఉంగరాలు తిప్పే కర్లింగ్ ఐరన్లు నాలుగూ ఒకే ప్లగ్గుకి తగిలించి గ్రీన్‌రూమ్ అంతా చీకటి చేసిన ఘనత మనదే, అందుకని ఈసారి ఐరన్ల మాటే వద్దు. ఉంగరాలు ముందురోజు రాత్రి ఎవరింట్లో వాళ్ళే చుట్టుకోండి. ముందువైపు రెండు చుట్టలు మాత్రం నేను అక్కడ చేస్తాను. వాటినే విక్టరీ రోల్స్ అంటారు.

2న తలస్నానం. కొబ్బరినూనె చుక్క కూడా వద్దు, పిన్ను నిలవదు. 3 రాత్రి జుట్టు మీద కాసిని నీళ్ళు చిలకరించి, అంగుళం వెడల్పు పాయ తీసి, కొసనుంచి కుదురు దాకా చక్రంలా చుట్టి, రెండు పిన్నులు ఇంటూ గుర్తులా గుచ్చండి. పిన్నుకి వంకరలున్న వైపు మాడుకి ఆనాలి. నేను కూడా చాలా ఏళ్ళు తిరగేసే పెట్టుకున్నాను! పైన సిల్క్ స్కార్ఫ్ కట్టుకుని పడుకోండి. పూర్తిగా ఆరకుండా విప్పితే అంతా వృథా.

ఓ తల్లి: అక్కా, మా అమ్మాయి జుట్టు నడుం దాకా ఉంటుంది. రాత్రంతా తడిగానే ఉంటుందేమో. కత్తిరించమంటే ఇల్లు పీకి పందిరేస్తుంది.

జుట్టు టీమ్: ఎవరి జుట్టూ కత్తిరించం తల్లీ. ముందు భాగం, నడినెత్తి మాత్రం చుట్టు. వెనక జడ అల్లి, పైకి మడిచి, స్నూడ్‌లో, అంటే క్రోషా వల సంచిలో పెట్టేద్దాం. అప్పట్లో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు జుట్టు మెషీన్లలో పడకుండా వేసుకున్నది అదే. ఒక కంటి మీద జుట్టు వదిలే హాలీవుడ్ నటి వెరోనికా లేక్ కూడా రెండో ప్రపంచ యుద్ధకాలంలో, కార్మికులకి ప్రమాదమని ప్రభుత్వం అడిగితే తన స్టైల్ మార్చుకుంది. చుట్టలు నిలవని పల్చటి జుట్టువాళ్ళకి ఇంకో నటి బెట్టీ గ్రేబుల్ దారి. 1943లో పోస్టర్‌గా అచ్చయిన ఆవిడ ఫోటోలో జుట్టంతా నెత్తిమీదకి ఎత్తి ఉంటుంది.

సంఘం పెద్దావిడ: చుట్ట లోపల డొల్లగా ఉంటే నలిగిపోదటే?

జుట్టు టీమ్: నలుగుతుంది పిన్నిగారూ, అందుకే లోపల ఏదైనా ఉండాలి. అప్పటి ఆడవాళ్ళు దువ్వెనకి వచ్చిన జుట్టు పోగేసి ఉండ చేసి పెట్టేవారు. దాన్ని 'ర్యాట్' అనేవారు, ఎలుకన్నమాట.

సంఘం పెద్దావిడ: ఓసి, అదా! మా అమ్మ ఊడిన జుట్టు పారెయ్యకుండా చుట్టి గోడ సందులో దాచేది. సవరం అల్లించుకోడానికి. అమెరికావాళ్ళు కొత్తగా కనిపెట్టిందేం లేదు.

జుట్టు టీమ్: మనకి గోడ సందులు లేవు కాబట్టి పాత నల్ల మేజోడు కత్తిరించి చుట్టుకుందాం. ముందు పాపిడి పక్కకి తీసి, కుదుళ్ళ దగ్గర ఎదురు దువ్వి ఉబ్బించి, పైన మాత్రం నున్నగా దువ్వి, కొసనుంచి వేలికి చుట్టుకుంటూ మాడు దాకా రావాలి. పిన్ను చుట్ట లోపలినుంచే గుచ్చాలి, బయటికి కనబడకూడదు.

హాల్, సామాన్లు: అక్కా, పిన్నులు ఎన్ని కొనను? స్ప్రే ఎన్ని డబ్బాలు?

జుట్టు టీమ్: తలకి 30 లెక్కన 420, పోయేవాటితో కలిపి 500 తెచ్చెయ్ తమ్ముడూ. రాత్రి ఉంగరాల నుంచి తీసినవే పొద్దున చుట్టలకి పనికొస్తాయి. స్ప్రే నాలుగు చాలు. ఉంగరాలు నిలవడానికి రాసే సెట్టింగ్ లోషన్ కొనొద్దు, పావు కప్పు అవిసె గింజలు రెండు కప్పుల నీళ్ళలో కోడిగుడ్డు తెల్లసొనలా సాగేదాకా మరిగించి, వేడిగా ఉన్నప్పుడే వడగట్టమని అందరికీ చెప్పు. చల్లారాక వడగడితే వడగట్టే బట్టే పాడైపోతుంది.

ఓ తల్లి: జూలై ఎండకి ఉంగరాలు జారవా?

జుట్టు టీమ్: జారతాయి. అందుకే బండెక్కే ముందు దాకా విప్పొద్దంటున్నాను. మల్లెపూల దండలు అడిగేవాళ్ళకి: ఈ వేషానికి చెవి పక్కన ఒక్క పెద్ద పువ్వు చాలు. దండలు సంక్రాంతికి దాచండి.

ట్రయల్ వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా గరాజ్‌లో. నల్ల మేజోళ్ళు ఎవరి దగ్గరున్నాయో ఇక్కడే రాయండి, చిరుగులున్నా పర్వాలేదు.