టీబీ డాక్టర్‌కి హెచ్ఐవీ సంగతి చెప్పాలా, దాచాలా?

గోదారి అక్క: మా తమ్ముడు ఎప్పట్నుంచో హెచ్ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నాడు. మెడ పక్కన బిళ్ల కట్టి పగిలింది, ఎన్ని యాంటీబయాటిక్స్ వేసినా మానట్లేదు, చొక్కా కాలర్ తడిసేలా రసి కారుతోంది. సూది టెస్టులో టీబీ అని తేలింది. ప్రైవేట్‌లో మందులు రాయించుకుంటా, హెచ్ఐవీ అని మాత్రం చెప్పను అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

పల్నాడు: చెప్పొద్దక్కా. మా బంధువు చెబితే డ్రెస్సింగ్ చెయ్యం పొమ్మన్నారు, కాంపౌండర్ నోట పడి సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది, కూతురి సంబంధం కూడా తప్పిపోయింది. పుండు ఇవాళ కాకపోతే రేపు మానుద్ది, పోయిన పరువు తెచ్చేదెవరు?

ఓరుగల్లు: పుండు దానంతటది మానదన్నా. టీబీ మందుల్ల రిఫాంపిసిన్ ఉంటది, అది ఒంట్ల హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్‌ని బాగా తగ్గించేస్తది. ఇప్పుడు ఏఆర్‌టీ సెంటర్ల ఎక్కువమందికి ఇచ్చే హెచ్ఐవీ గోలీ టీఎల్‌డీల ఉండేది అదే మందు, అందుకే రోజుకొక్క గోలీ చాలదు, అది వేసుకున్న 12 గంటల తర్వాత డోలుటెగ్రావిర్ 50 ఎంజీ ఇంకోటి వెయ్యాలె, టీబీ కోర్సు అయినంక కూడా 2 వారాలు. దాస్తే ఆ రెండో గోలీ రాసేదెవరు? వైరస్ మళ్ల లేస్తే, ఉన్న మందు కూడా పనిచెయ్యకుండ పోవచ్చు.

పల్నాడు: మందుల సంగతి సరే. హెచ్ఐవీ ఉందని వైద్యం కాదనకూడదని 2017లోనే చట్టం చేశారు, అయినా తిప్పి పంపేవాళ్లు పంపుతూనే ఉన్నారు. పుండు పెట్టుకుని కంప్లైంట్లంటూ తిరిగే ఓపిక ఎవరికుంటుంది?

ఓరుగల్లు: నువ్వన్నది నిజమే, అందుకే ఊరందరికీ చెప్పమంటలేను. మందు రాసే డాక్టర్‌కి చెప్పాలె, కట్టు కట్టేటోళ్లకి చెప్పే పన్లేదు, గ్లౌజులు ఎవరికి కట్టు కట్టినా వేసుకోవాల్సిందే. అసలు ప్రైవేట్‌కి ఎందుకక్కా? ఏఆర్‌టీ సెంటర్ల తమ్ముడి సంగతి ముందే తెలుసు, టీబీ మందులు గవర్నమెంట్‌లనే ఫ్రీ, రెండో గోలీ సంగతి కూడా వాళ్లే చూస్తరు. ఇంకోటి, టీబీ మందు మొదలుపెట్టినంక బిళ్ల ఇంకా ఉబ్బొచ్చు, పక్కన కొత్తది కూడా రావచ్చు. మందు పడలేదని ఆపకుండ పోయి చూపించుకోవాలె.

గోదారి అక్క: వాడి భయమంతా ఆ కాంపౌండర్ లాంటి వాళ్ల గురించే తమ్ముడూ. సెంటర్‌లోనే అంటే వస్తాడనుకుంటా. సూది టెస్ట్ రిపోర్ట్ కూడా పట్టుకెళ్లాలా?

ఓరుగల్లు: తీస్కపోండక్కా, ఇప్పుడు వేసుకునే గోలీల స్ట్రిప్పులు కూడా. షుగర్ టెస్ట్ కూడా చెయ్యమనండి, షుగర్ ఉన్నా పుండు తొందరగా మానదు.