సమస్య: తాకకుండ రాగి తట్టి నిలిపె

నిర్వాహకుడు: ఇది ఆటవెలది చివరి పాదం. విషయం ఎడ్డీ కరెంట్లు. మారుతున్న అయస్కాంత క్షేత్రం వల్ల లోహంలో పుట్టే సుడులు ఇవి. 1855లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో వీటిని గుర్తించాడు. వీటిని త్రీడీలో కంప్యూటర్‌తో లెక్కకట్టే పద్ధతిని ఎవరైనా పద్యంలోకి తెస్తే నాకు ఎంతో సంతోషం.

పూరణ 1, ఫిజిక్స్ మాస్టారు

రాగి గొట్టమందు రాలు సూదంటురా
యికిని సుడులు లేచి యెదురు తిరుగ
వేగమెల్ల మింగి కాకగా మార్చిన
తాకకుండ రాగి తట్టి నిలిపె

నిర్వాహకుడు: మాస్టారూ, "సూదంటురాయికిని" విరుపు హాయిగా ఉంది. మూడో పాదంలో వే–కా యతి కుదరలేదు. ఇంకో మాట, వేగమంతా పోతే సుడులే పుట్టవు. అయస్కాంతం పూర్తిగా ఆగదు, నెమ్మదిగా దిగుతుంది. "వేగమందు కొంత వేడిగా మార్చిన" అంటే రెండూ సరిపోతాయి.

మాస్టారు: నిజమే. సవరించుకున్నాను.

పూరణ 2, డిజైన్ ఇంజనీరు

ముక్క ముక్క చేసి మూలలం దుంచక
యంచులందు విలువ నమర జేసి
లెక్క కట్టి చూడ లేచె నా సుడులెల్ల
తాకకుండ రాగి తట్టి నిలిపె

తెలుగు టీచరమ్మ: నడక బాగుంది తమ్ముడూ. మూలల్లో ఉంచితే వచ్చే ఇబ్బందేమిటి?

ఇంజనీరు: అక్కయ్యా, రాగినీ చుట్టూ ఉన్న గాలినీ నాలుగు ముఖాల చిన్న ముక్కలుగా కోస్తాం. ఫీల్డు విలువల్ని ముక్కల మూలల్లో ఉంచితే, పక్కపక్క ముక్కల్లో ఫీల్డు అన్ని దిక్కుల్లోనూ కలిసి తీరాలి. కానీ రాగీ గాలీ కలిసే చోట ఎలక్ట్రిక్ ఫీల్డు ఉపరితలం వెంబడి మాత్రమే కలుస్తుంది. లంబంగా ఉండే భాగం ఒక్కసారిగా మారిపోతుంది. విలువను అంచు మీద ఉంచితే ఆ మార్పుకు చోటు దొరుకుతుంది. 1980లో గణితవేత్త నెడెలెక్ వివరించిన ఎడ్జ్ ఎలిమెంట్లు ఇలాంటివే.

నిర్వాహకుడు: రెండు పాదాల్లో అసలు కిటుకు చెప్పేశారు. "లేచె నా సుడులెల్ల" దగ్గర కంప్యూటర్ తెర మీద బాణాలు తిరుగుతున్నట్టే ఉంది. ఈసారి నాకు బాగా నచ్చిన పూరణ ఇదే.

పూరణ 3, ఎమ్మెస్సీ విద్యార్థిని

తరచు గాను మారు ధార లోలోతుకు
బోక పైన పైన పొరగ నిలిచి
లోని యంత్రములకు లోపమ్ము రానీక
తాకకుండ రాగి తట్టి నిలిపె

నిర్వాహకుడు: యతులు, గణాలు సరిగ్గా ఉన్నాయమ్మా. రాగి దేన్ని నిలిపిందో మాత్రం చెప్పలేదు. మూడో పాదం "లోని కురుకు తరగ లోన జేరగ నీక" అని మార్చి చూడు.

ఇంజనీరు: "పైన పైన" అన్నది మాకు రోజూ ఎదురయ్యే విషయం. రాగిలో 50 హెర్ట్జ్ దగ్గర, కరెంటు ఎక్కువగా పారే ఆ పై పొర మందం సుమారు 9 మిల్లీమీటర్లు. ఫ్రీక్వెన్సీ నాలుగు రెట్లయితే పొర సగమవుతుంది. లెక్కకట్టే పద్ధతుల్ని సరిచూసుకోవడానికి టీమ్ (TEAM) అనే నమూనా లెక్కల వరుస ఉంది. అందులో ఏడో లెక్కలో 19 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పలక ఉంటుంది, దానికి ఓ పక్కగా చదరపు రంధ్రం. ఆ పలకలో 50 హెర్ట్జ్‌కి 12 మిల్లీమీటర్లున్న పొర 200 హెర్ట్జ్‌కి 6కి దిగుతుంది. అక్కడ ముక్కలు పెద్దవిగా కోస్తే లెక్క తప్పుతుంది.

విద్యార్థిని: కరెంటు ఆ రంధ్రాన్ని చుట్టుకుని వెళ్లాలి కదా సార్! దాని మీద ఇంకో పూరణ రాసి రేపు పంపిస్తాను.