బట్టతలకి ఇస్తాంబుల్ దాకా వెళ్ళడం తెలివా, వెర్రా?

డల్లాస్_తమ్ముడు
అందరికీ నమస్కారం. వయసు 31, అమెరికాలో డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. నాన్నకి 35 ఏళ్ళకే మాడు కనబడింది. నాకు 27 నుంచే నుదురు పెరగడం మొదలైంది. ఇప్పుడు ముందు రెండు పక్కలా లోపలికి పోయింది, నడినెత్తి మీద కూడా పలచబడుతోంది. అమ్మ సంబంధాలు చూస్తోంది. వాళ్ళకి పంపేవన్నీ నాలుగేళ్ళ కిందటి ఫోటోలే.

ఇక్కడ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి అడిగితే 2,500 గ్రాఫ్టులకి (అంటే వెనక నుంచి తీసి ముందు నాటే కుదుళ్ళు) 13 వేల డాలర్లు చెప్పారు. ఇస్తాంబుల్‌లో ఒక క్లినిక్‌కి వాట్సాప్‌లో ఫోటోలు పంపితే 20 నిమిషాల్లో జవాబు: 4,500 గ్రాఫ్టులు, మూడు రాత్రులు హోటల్, ఎయిర్‌పోర్ట్ నుంచి కారు, అన్నీ కలిపి 3,200. హైదరాబాద్‌లో ఒకచోట గ్రాఫ్టుకి 40 రూపాయలన్నారు. డిసెంబర్‌లో ఎలాగూ ఇంటికి వెళ్తున్నా. దారిలో ఇస్తాంబుల్‌లో దిగితే పనైపోతుంది. అమెరికా వీసా ఉంది కాబట్టి టర్కీ ఈ-వీసాకి ఇబ్బంది లేదు. జనవరిలో పెళ్ళిచూపులు. వెళ్ళినవాళ్ళు, వద్దనేవాళ్ళు ఇద్దరూ చెప్పండి.

మళ్ళీ_మొలిచింది
వెళ్ళినవాణ్ణి నేను. 2023 మార్చి. ఇప్పుడు పాపిడి తీసుకుంటున్నా, అంతకంటే ఏం చెప్పను!

ఆ రోజు ఎలా గడుస్తుందో చెప్తా. పొద్దున రక్తపరీక్ష, తర్వాత డాక్టర్ పెన్నుతో నుదుటి మీద గీత గీస్తాడు. తల గొరిగేస్తారు. నొప్పంతా మత్తు సూదులప్పుడే, ఓ పది నిమిషాలు పళ్ళు బిగబట్టాల్సిందే. బోర్లా పడుకోబెట్టి వెనక నుంచి కుదుళ్ళు ఒక్కొక్కటే తీస్తారు, భోజనం పెడతారు, తర్వాత వెల్లకిలా తిప్పి ముందు నాటుతారు. మొత్తం ఎనిమిది గంటలు. వాళ్ళు టర్కిష్‌లో కబుర్లు చెప్పుకుంటుంటే నేను రెండుసార్లు నిద్రపోయా.

తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ నిండా తలకి నల్ల బ్యాండు కట్టుకున్న మగాళ్ళే. తిరుమల కొండ మీద గుండుని ఎవరూ తిరిగి చూడరు కదా, అక్కడా అంతే. ఏళ్ళ తరబడి రోజూ అదే పని చేసే చేతులు వాళ్ళవి. ఇక్కడ వారానికి ఒకటి చేసే డాక్టర్‌కి నాలుగింతలు ఎందుకు పొయ్యాలి?

నెల్లూరోడు
అన్నా, నీకు బాగా వచ్చింది, సంతోషం. నా సంగతి కూడా విననీ తమ్ముణ్ణి.

నాదీ ఇస్తాంబులే, 2022. క్లినిక్ పేరు ఇక్కడ రాయను. నాకూ ప్యాకేజీయే, "మాక్సిమం గ్రాఫ్ట్స్" అన్నారు. గీత గీసిన డాక్టర్ మళ్ళీ కనపడలేదు. ముందు భాగం పర్లేదు, ఒప్పుకుంటా. వెనక వైపు? ఎలుకలు కొరికిన గొంగళిలా ఉంది. జుట్టు ఒక వేలెడు పెంచుకుంటే తప్ప బయటికి వెళ్ళలేను. బార్బర్ ప్రతిసారీ "ఏమైందన్నా?" అంటాడు. ఫోటోలు పంపితే నాలుగు నెలలు "ఓపిక పట్టండి సార్" అన్నారు, తర్వాత ఆ ట్రాన్స్‌లేటర్ అమ్మాయి నంబరే పనిచేయలేదు. ఏ కోర్టుకి వెళ్ళను? ఏ భాషలో పిటిషన్ రాయను?

హైదరాబాద్‌లో చూపిస్తే ఒకటే మాట: "వెనక ఇంక తియ్యడానికి ఏమీ మిగల్లేదు."

చర్మ_వైద్యురాలు
నేను డెర్మటాలజిస్ట్‌ని, ఈ పని చేస్తాను కూడా. కాబట్టి నా మాటలో నా లాభం ఉందని మీరు అనుకున్నా తప్పులేదు.

పైన ఇద్దరూ చెప్పింది నిజమే, తేడా ఎక్కడొచ్చిందో చూడండి. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో కొత్త జుట్టు పుట్టదు. తల వెనకా పక్కలా ఉండే కుదుళ్ళ మీద, జుట్టుని పలచబరిచే డీహెచ్‌టీ హార్మోన్ ప్రభావం తక్కువ, వాటిని తెచ్చి ముందు నాటుతాం. మడి మార్చడమే తప్ప విత్తనం పెరగదు. జీవితం మొత్తంలో వెనక పలచన కనబడకుండా తీయగలిగేవి చాలామందికి ఆరు వేల గ్రాఫ్టులు అటూ ఇటూ. 31 ఏళ్ళకే ఒక్క రోజులో 4,500 తీస్తే, 45 ఏళ్ళప్పుడు నడినెత్తి ఖాళీ అయితే ఏం తెచ్చి నాటుతారు? ముందు ఒక దుబ్బు, వెనక మైదానం. అది బట్టతల కంటే వింతగా ఉంటుంది.

మొత్తానికి ఒకే ధర అనే ప్యాకేజీలో ఉన్న చిక్కు ఇదే. "ఎక్కువ గ్రాఫ్టులు" అంటే మనకి లాభంలా వినబడుతుంది, ఖర్చయ్యేది మాత్రం మన వెనక జుట్టు. గ్రాఫ్టు లెక్కన డబ్బు తీసుకునేచోట ఇంకో రకం ఆశ ఉంటుంది, అదీ చెప్పాలి. ఒక గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. వాటిని చీల్చి లెక్క పెంచేవాళ్ళూ ఉన్నారు.

ఇంకొకటి, మత్తు మందు. లిగ్నోకెయిన్‌ని అడ్రినలిన్‌తో కలిపి ఇచ్చినా మామూలుగా కిలో బరువుకి 7 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎనిమిది గంటల్లో మధ్యమధ్య సూదులు పొడుస్తూనే ఉంటారు. ఆ లెక్క ఎవరు రాస్తున్నారు? గుండె లయ తప్పితే పక్కన డాక్టర్ ఉన్నాడా? నేనైతే ధర కంటే ముందు ఇది అడుగుతా.

తమ్ముడికి అసలు సంగతి: డిసెంబర్‌లో చేయించుకుంటే జనవరిలో నీ తల ఇప్పటికంటే అధ్వాన్నంగా ఉంటుంది! నాటిన వెంట్రుకలు రెండు వారాల నుంచి ఆరు వారాల లోపు దాదాపు అన్నీ రాలిపోతాయి. కుదురు లోపల ఉంటుంది. మూడు నాలుగు నెలలకి మొలక, పన్నెండు నెలలకి అసలు రూపం, నడినెత్తికైతే ఇంకా ఆలస్యం. పెళ్ళిచూపులకి ఎర్రగా కందిన గుండుతో కూర్చుంటావా?

గుంటూరు_బాబాయ్
నాకు 29కే బోడి అయింది. ముగ్గురు పిల్లలు, ఇద్దరు మనవలు. బట్టతల అదృష్టమని మా అత్తగారే అన్నారు. అసలు 2025 మేలో పాకిస్తాన్‌ని వెనకేసుకొచ్చిందని మన ట్రావెల్ కంపెనీలే కొన్ని టర్కీ బుకింగులు ఆపేస్తే, నువ్వు పనిగట్టుకుని వాళ్ళకి డాలర్లు ఇస్తానంటావేంట్రా అబ్బాయ్?

మళ్ళీ_మొలిచింది
బాబాయ్, బోడిగుండుకీ మోకాలికీ ముడెయ్యకండి. రాజకీయం వేరే చోట మాట్లాడుకుందాం.

డాక్టర్ గారూ, ఒక ప్రశ్న. ఇస్తాంబుల్‌లో టెక్నీషియన్లు చేస్తారని అందరూ అంటారు. హైదరాబాద్‌లో మాత్రం డాక్టర్లే చేస్తున్నారా? మా కజిన్ అక్కడే చేయించుకున్నాడు, నాలుగు గంటలు డాక్టర్ మొహమే కనపడలేదు. 2025లో కాన్పూర్ వార్త చూశాం కదా, ఇద్దరు ఇంజనీర్లు చనిపోయారు, కేసు పెట్టింది ఒక దంత వైద్యురాలి మీద. మన దగ్గర సేఫ్ అని ఎలా చెప్తారు?

చర్మ_వైద్యురాలు
సేఫ్ అని నేను అనలేదు. మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ స్పష్టంగానే చెప్పింది: ఇది శస్త్రచికిత్స, శిక్షణ ఉన్న ప్లాస్టిక్ సర్జన్ లేదా డెర్మటాలజిస్ట్ చేయాలి, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే చాలదు అని. యూట్యూబ్ పేరెత్తాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి. రూలు ఉంది, అమలు అంతంతమాత్రం.

టర్కీలోనూ రూలు లేక కాదు. విదేశీ రోగుల్ని తీసుకునే సంస్థకి అక్కడి ఆరోగ్యశాఖ అనుమతి పత్రం ఉండాలి. మంచి డాక్టర్లూ ఉన్నారు, తక్కువ కేసులు తీసుకుంటారు, ఆ ప్యాకేజీ ధరకి దొరకరు. కాబట్టి దేశాన్ని పక్కన పెట్టి ఒక్కటి రాతపూర్వకంగా అడగండి: గీత గీసేది, కుదుళ్ళు తీసేది, నాటడానికి రంధ్రాలు పెట్టేది ఎవరు, పేరేంటి? నాటేటప్పుడు టెక్నీషియన్లు సాయం చేయడం అన్నిచోట్లా మామూలే. మొదటి మూడు మాత్రం డాక్టర్ చేతిలో ఉండాలంటాను నేను.

ఖమ్మం_అక్క
మా ఆయనకి చేయించాం, అందుకే రాస్తున్నా. మగవాళ్ళు ఆపరేషన్ గురించే మాట్లాడతారు, తర్వాతి పది రోజుల గురించి ఎవరూ మాట్లాడరు. తల ఎత్తులో పెట్టి పడుకోవాలి. మూడో రోజుకి వాపు నుదుటి మీదుగా కళ్ళ మీదికి దిగింది. మా పాప "ఇతను డాడీ కాదు" అని ఏడ్చింది. నాటినచోట వేలు తగలకుండా కప్పుతో నీళ్ళు పోసి కడగాలి. అలాంటి టైములో ఒక్కడివే విమానం ఎక్కి, సీటు మీద తల ఆనకుండా హైదరాబాద్ దాకా వస్తావా తమ్ముడూ? ఇంటి దగ్గరైతే మీ అమ్మ ఉంటుంది.

ఇంకోటి. చేయించుకుంటే అమ్మాయి వాళ్ళకి చెప్పు. దాచాల్సినంత పాపం ఏం కాదు. తర్వాత ఏ పెళ్ళి ఆల్బమ్‌లోనో బయటపడితే అప్పుడు గొడవ.

నెల్లూరోడు
అక్క చెప్పింది కరెక్ట్. మేడమ్, చిన్న డౌటు. మా అమ్మ నా పేరు మీద తిరుపతి మొక్కు పెట్టుకుంది. తలనీలాలు ఇస్తే నాటిన జుట్టు మళ్ళీ వస్తుందా?

చర్మ_వైద్యురాలు
వస్తుంది, అది మీ జుట్టే. ఒక ఏడాది దాటాక గుండుకి ఇబ్బంది లేదు. కానీ వెనక తీసినచోట్ల చుక్కలు కనబడతాయి. పాత పద్ధతిలో చర్మం పట్టీగా కోసి తీసిన వాళ్ళకైతే చెవి నుంచి చెవి దాకా గీత ఉంటుంది. "ఇది మచ్చ లేని పద్ధతి" అని ఎవరైనా అంటే నమ్మకండి.

తమ్ముడూ, నడినెత్తి ఇంకా పలచబడుతోందన్నావు కాబట్టి ముందు దాన్ని ఆపే ప్రయత్నం చెయ్యి. మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ అనే మందుల గురించి అక్కడి డాక్టర్‌తో మాట్లాడు. ఫినాస్టెరైడ్ వల్ల కొందరికి సెక్స్ కోరిక తగ్గడం లాంటి ఇబ్బందులు రావచ్చు, సొంతంగా కొని మింగకు. ఏడాది వాడాక ఎంత నిలిచిందో చూసి అప్పుడు గ్రాఫ్టుల లెక్క వేసుకోవచ్చు.

మళ్ళీ_మొలిచింది
ఏడాది ఆగమనడం డాక్టర్లకి తేలిక మేడమ్. 31 ఏళ్ళ కుర్రాడికి ఈ ఏడాదే కదా పెళ్ళి. నేను మందులు వాడి రెండేళ్ళు పోగొట్టుకున్నా. ఇస్తాంబుల్ వెళ్ళినందుకు ఇప్పటికీ బాధ లేదు. అయితే 4,500 ఎక్కువే, అది ఒప్పుకుంటా. నాకు పెట్టింది 2,800.

డల్లాస్_తమ్ముడు
అందరికీ థ్యాంక్స్. డాక్టర్ గారు చెప్పినట్టే ఆ క్లినిక్‌కి రాసి అడిగా, రంధ్రాలు పెట్టేది ఎవరు, పేరు చెప్పండి అని. జవాబు: "మా టీమ్‌కి 15 ఏళ్ళ అనుభవం సార్. శుక్రవారం లోపు అడ్వాన్స్ కడితే 300 డాలర్లు తగ్గిస్తాం." మళ్ళీ అడిగితే డిస్కౌంట్ 400 అయింది, పేరు మాత్రం రాలేదు.

ఇస్తాంబుల్ కొట్టెయ్యలేదు, డిసెంబర్ కొట్టేశా. ఇక్కడ డెర్మటాలజిస్ట్ అపాయింట్‌మెంట్ దొరికింది. అమ్మకి నిన్న తీసిన ఫోటో పంపి, ఇదే చూపించమన్నా. "ఇంత వెలుతురులో ఎందుకు తీశావురా" అంది.

నెల్లూరోడు
మంచి పని చేశావ్ తమ్ముడూ. వెనక వైపు ఫోటోలు కూడా తీసి దాచుకో, జుట్టు పొట్టిగా కత్తిరించి, తేదీ పడేలా. నేను తియ్యలేదు. ముందు ఎలా ఉండేదో చూపించమంటే ఇవ్వడానికి నా దగ్గర ఒక్కటీ లేదు.