రెండు జిల్లాల హద్దులో కుంగిన కల్వర్టు: అర్జీ ఎవరికి పెట్టాలి?

పొన్నూరు వాసి

మాది గుంటూరు జిల్లా పొన్నూరు మండలంలోని ఒక చిన్న గ్రామం. ఉద్యోగరీత్యా నేను గుంటూరులో ఉంటున్నాను. మా ఊరి నుంచి బాపట్ల మండలంలోని పొరుగూరికి వెళ్లే తారు రోడ్డు ఒక మురుగు కాలువను దాటుతుంది. అక్కడున్న పాత కల్వర్టు ఒక పక్క కుంగిపోయింది. ధాన్యం లోడుతో వచ్చే ట్రాక్టర్లు చుట్టుదారి పట్టి పోతున్నాయి, బడి బస్సు రావడం మానేసింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగినప్పటి నుంచి ఆ మురుగు కాలువే ఇంచుమించు రెండు జిల్లాలకు హద్దు. ఒక కార్యాలయంలో అడిగితే అది అవతలి జిల్లా పని అంటున్నారు, అవతల అడిగితే కాలువ మీది కట్టడం కనుక జలవనరుల శాఖదే అంటున్నారు. తీర్మానం చేసి ఇస్తామని మా పంచాయతీ వారు అంటున్నారు కానీ, దానిని ఎవరి పేరిట పంపాలో వారికీ తెలియడం లేదు. ఇటువంటి పని ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

విశ్రాంత డీఈఈ, పంచాయతీరాజ్

నిధుల మాట తరువాత చూద్దాం. ముందు ఆ రోడ్డు ఏ శాఖ రిజిస్టరులో ఉందో తేలాలి. రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రోడ్లు రోడ్లు, భవనాల శాఖ కింద ఉంటాయి. ఊరికీ ఊరికీ మధ్య నడిచే రోడ్లలో ఎక్కువ భాగం పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. ఊరి లోపలి వీధులు గ్రామ పంచాయతీవి. మీరు చెప్పిన దానినిబట్టి మీది రెండో రకం అయి ఉండాలి. కిలోమీటరు రాయి మీద నారింజ రంగు ఉంటే గ్రామీణ రోడ్డు అని అర్థం, అయితే రాయి రంగును చూసి అర్జీ రాయకండి. రోడ్డు స్థాయి పెంచి వేరే శాఖకు అప్పగించిన తరువాత కూడా పాత రాళ్లు అలాగే నిలబడి ఉన్న చోట్లు చాలా చూశాను.

ఆ రోడ్డును ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసి ఉంటే, మొదటి 5 ఏళ్ల నిర్వహణ వేసిన గుత్తేదారుదే. ఆ సంగతి ఒప్పందంలోనే ఉంటుంది. గడువు ఇంకా మిగిలి ఉంటే కొత్తగా నిధులు అడగనక్కరలేదు.

రిజిస్టరు సంగతి ఎవరూ నోటిమాటగా చెప్పరు కనుక సమాచార హక్కు చట్టం కింద అడగండి. కార్యనిర్వాహక ఇంజినీరు కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు ఇస్తే చాలు. అడిగిన సమాచారం తమ వద్ద లేకపోతే దరఖాస్తును 5 రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి వారే పంపాలని సెక్షన్ 6(3) చెబుతోంది. మాది కాదంటే మాది కాదనే ఇటువంటి వ్యవహారాల్లో ఆ చట్టంలో అన్నిటికంటే పనికొచ్చే వాక్యం నా దృష్టిలో అదే. రోడ్డు పేరు, రిజిస్టరు సంఖ్య, కల్వర్టు ఎన్నో కిలోమీటరు దగ్గర ఉంది, చివరి మరమ్మతు ఏ పద్దు కింద జరిగింది, ఈ నాలుగూ అడిగితే సరిపోతుంది.

నల్లమడ ఆయకట్టు రైతు

పై సమాధానం రోడ్డు వరకే సరిపోతుంది. మురుగు కాలువ మాత్రం జలవనరుల శాఖలోని డ్రెయినేజీ విభాగానిది. దాని మీద కొత్తగా ఏది కట్టాలన్నా ఎంత నీరు పారాలి, అడుగు మట్టం ఎంత, నీరు పారడానికి ఎన్ని ఖానాలు వదలాలి అన్నది ఆ విభాగం చూసి అనుమతి ఇవ్వాలి. ఈ అడుగు దాటవేసి కట్టిన కల్వర్టులే మా పొలాలను ముంచుతున్నాయి. రోడ్డు వేసేవారికి ఖర్చు తగ్గాలి కనుక రెండు సిమెంటు గొట్టాలు పెట్టి మట్టి పోస్తారు. వాన పడగానే గుర్రపుడెక్క, తూటికాడ కొట్టుకొచ్చి గొట్టాల మూతికి అడ్డం పడతాయి, నీరు వెనక్కి తన్ని నారుమళ్లలో నిలుస్తుంది, చివరికి కట్టే తెగుతుంది. మీ కల్వర్టు కుంగడానికి లోడు ట్రాక్టర్లు కాక, పునాది కింద మట్టి కోసుకుపోవడమే కారణం కావచ్చు. అంచనా వేసేటప్పుడు గొట్టాల బదులు బాక్స్ కల్వర్టు (పెట్టె ఆకారంలో కట్టే కాంక్రీటు కల్వర్టు) అడగండి, తీర్మానంలో ఆ మాట స్పష్టంగా రాయించండి.

ఇంకొకటి. డెల్టా కాలువలు కట్టేసే వేసవిలోనే ఇటువంటి పని సాగుతుంది. జూన్‌లో నీరు వదిలాక మురుగు కాలువలోకీ పొలాల నీరు దిగుతుంది, ఇక పునాది తవ్వడం కుదరదు. కాబట్టి అర్జీ ఇప్పుడే పెట్టి, టెండరు వేసవికి ముందే పూర్తయ్యేలా వెంటపడాలి. వేసవిలో అర్జీ పెట్టేవారికి ఒక ఏడాది ఊరికే పోతుంది.

బ్రాడీపేట నుంచి

ఈ కాగితాలన్నీ తిరిగేలోగా కల్వర్టు పూర్తిగా పడిపోతుంది. శాసనసభ్యుడి దగ్గరికి వెళ్లి ఒక లేఖ తీసుకోవడమే దగ్గరి దారి. పార్లమెంటు సభ్యుడికి ఏడాదికి 5 కోట్ల రూపాయల నిధి ఉంటుంది, అందులోంచి ఒక కల్వర్టు పెద్ద లెక్క కాదు.

విశ్రాంత డీఈఈ, పంచాయతీరాజ్

లేఖ వద్దని అనను, కానీ లేఖ వెళ్లిన చోట అంచనా సిద్ధంగా లేకపోతే అది దస్త్రంలో ఒక కాగితం మాత్రమే అవుతుంది. పార్లమెంటు సభ్యుడు పనిని సిఫారసు చేస్తాడు, మంజూరు చేసేది కలెక్టరు, కట్టేది ఏదో ఒక శాఖ. పైగా పొన్నూరు గుంటూరు లోక్‌సభ స్థానంలోనూ, బాపట్ల బాపట్ల స్థానంలోనూ ఉన్నాయి. హద్దు మీది కల్వర్టుకు ఏ సభ్యుడి నిధి వాడాలన్న ప్రశ్న అక్కడా తిరిగి తలెత్తుతుంది.

మీ విషయంలో కలిసొచ్చే అంశం ఒకటుంది, దానిని ఎవరూ ప్రస్తావించలేదు. 2022లో రెవెన్యూ జిల్లాలు విడిపోయినా జిల్లా పరిషత్తులు విడిపోలేదు. 2021లో ఎన్నికైన గుంటూరు జిల్లా పరిషత్తు పాత జిల్లా మొత్తానికీ కొనసాగింది. పొన్నూరు జడ్పీటీసీ సభ్యుడూ, బాపట్ల జడ్పీటీసీ సభ్యుడూ కూర్చునేది ఒకే సభలో. ఇద్దరు కలెక్టర్ల మధ్య ఉత్తరాలు నడిపించడం కంటే, రెండు పంచాయతీలు ఒకే పాఠంతో తీర్మానాలు చేసి, ఆ ఇద్దరు సభ్యుల చేత పనుల స్థాయీ సంఘం ముందు పెట్టించడం తేలిక. అక్కడ చర్చకు వస్తే రెండు వైపుల ఇంజినీర్లూ సమాధానం చెప్పాల్సి వస్తుంది. సమాచార హక్కు జవాబును ఆ తీర్మానాలకు జతపరచండి.

పొన్నూరు వాసి

కృతజ్ఞతలు. జిల్లా పరిషత్తు సంగతి మా సర్పంచికి కూడా తెలియదు. పొరుగూరి పంచాయతీ వారితో ఈ ఆదివారమే మాట్లాడతాను. ఒక్క సందేహం: తీర్మానాలు ముందు చేయించాలా, లేక సమాచార హక్కు జవాబు వచ్చేదాకా ఆగాలా?

విశ్రాంత డీఈఈ, పంచాయతీరాజ్

ఆగవద్దు. జవాబుకు చట్టప్రకారం 30 రోజుల గడువు ఉంది. తీర్మానాలు ఈలోగా చేయించి, ఒక ప్రతిని సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నమోదు సంఖ్య తీసుకోండి. రెండు కలెక్టరేట్లలోనూ ఇవ్వండి. కల్వర్టు కుంగిన వైపు లోతు తెలిసేలా, పక్కన కొలత కర్ర పెట్టి తీసిన ఫొటోలు కూడా జతపరచండి. భారీ వాహనాలను ఆపుతూ రెండు చివరలా హెచ్చరిక బోర్డులు పెట్టించమని పంచాయతీ కార్యదర్శికి ఇవాళే రాసివ్వండి. దానికి ఏ మంజూరూ అక్కరలేదు.