పెప్టైడ్ సీరమ్‌కి 1,800 పెట్టొచ్చా, దండగా?

పటమట_పిల్ల: నిన్న బీసెంట్ రోడ్డులో పెప్టైడ్ సీరమ్ చూశా, 30 ఎంఎల్ 1,800 అంట. చర్మాన్ని బిగుతుగా ఉంచే కొల్లాజెన్ ప్రొటీన్ తయారు చెయ్యమని చర్మానికి సిగ్నల్ ఇస్తుందండీ, జుట్టుకీ రాసుకోవచ్చండీ అని ఒకటే ఊదరగొట్టింది షాపు అమ్మాయి. నాకు 38, కళ్ళ పక్కన గీతలు, పాపిడి కూడా పల్చబడింది. కొననా?

బ్రాడీపేట_బుల్లోడు: సిగ్నల్ లేదు తొక్కా లేదు అక్కా. చర్మం దాటాలంటే అణువు బరువు 500 డాల్టన్ల లోపుండాలి, ఇలాంటి సీరమ్‌లలో వేసే మ్యాట్రిక్సిల్ అనే పెప్టైడ్, అంటే ప్రొటీన్ ముక్క, 800 పైనే ఉంటది. గుమ్మం దగ్గరే ఆగిపోద్ది.

లక్ష్మీపురం_ఫార్మా: తమ్ముడూ, బరువొక్కటే చూస్తే ఎలా? అయిదు అమినో ఆమ్లాల ముక్కకి కొవ్వు తోక తగిలించిందే అందుకు, చర్మం పైపొరలో కొవ్వుంటుంది కాబట్టి కాస్త జారుతుందని. కొల్లాజెన్ విరిగితే వచ్చే ముక్కలు చూసి కణాలు మళ్ళీ తయారీ మొదలెడతాయి, ఇది ఆ ముక్కకి నకలు. 2005లో 93 మంది ఆడవాళ్ళకి 12 వారాలు ఒక చెంపకి ఇది, ఇంకో చెంపకి ఉత్త క్రీము రాయించి చూశారు, గీతలు కాస్త తగ్గాయి. అందులో పెప్టైడ్ ఎంతనుకున్నావ్, 3 పీపీఎం, అంటే లక్ష గ్రాముల క్రీములో 0.3 గ్రాము!

బ్రాడీపేట_బుల్లోడు: చేసింది క్రీములమ్మే కంపెనీవాళ్ళేగా అన్నా 😏 "కాస్త" కోసం 1,800 ఆ?

లక్ష్మీపురం_ఫార్మా: అది ఒప్పుకుంటా. జుట్టు సంగతైతే నేనూ నీ పక్షమే. నీలంగా ఉండే కాపర్ పెప్టైడ్ 400 డాల్టన్లే, నీ రూలు ప్రకారం పాసే, అయినా మనుషుల మీద గట్టి రుజువు జుట్టు మందు మినాక్సిడిల్‌కున్నంత లేదు.

ఆరండల్‌పేట_ఆంటీ: ఆ నీలం సీరమ్ నాలుగు నెలలు రాశానమ్మా, దిండు గలేబు నీలమైంది గానీ పాపిడి అలానే ఉంది. తర్వాత డాక్టరమ్మ రక్తపరీక్ష రాస్తే ఐరన్ తక్కువని తేలింది. ముందు అది చూపించుకో. మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద బెంజ్ సర్కిల్ సిగ్నల్లో నిలబడతావు చూడు, ఆ ఎండే కొల్లాజెన్‌ని కొరికేసేది. సన్‌స్క్రీన్ రాస్తున్నావా అసలు?

పటమట_పిల్ల: లేదాంటీ 🙈 ఇవాళే కొన్నా. పన్లోపని ఆ షాపుకి మళ్ళీ వెళ్ళి పెప్టైడ్ ఎంత శాతం ఉందమ్మా అనడిగితే, డబ్బా నాలుగువైపులా తిప్పి చూసి, "మేడమ్ ఇది కొరియాది" అంది.